నది లెక్క, అడుగు తీరు

వర్షాకాలమున గోదావరి పొంగినప్పుడు రేడియో వార్తలలో ఒక మాట వినబడుచుండును: భద్రాచలము వద్ద నీటిమట్టము ఇన్ని అడుగులకు చేరినది. అది 43 అడుగులైనచో మొదటి హెచ్చరిక. 48 అయినచో రెండవది. 53 అయినచో మూడవది. దిగువన ధవళేశ్వరము ఆనకట్ట వద్ద ఈ మూడు మెట్లు 11.75, 13.75, 17.75 అడుగులు. ఏటిగట్టున కాపురముండు వారికి ఇవి వట్టి అంకెలు కావు. ధాన్యపు బస్తాలను అటక మీదికెక్కింపవలయునా, పశువులను మెరకకు తోలవలయునా, ముసలివారిని, పసిపిల్లలను ముందుగా ఊరు దాటింపవలయునా అను నిర్ణయములు వీనిని బట్టియే జరుగును.

అయితే ఆ ఒక్క అంకెను విన్న గృహస్థుని మనస్సులో వెంటనే మరికొన్ని ప్రశ్నలు పుట్టును. నిన్న ఈ వేళకు ఎంత యుండెను? గంటకెంత చొప్పున పెరుగుచున్నది? వెనుకటి పెద్ద వరదలో ఏ మేరకు వచ్చెను? వీనికి ఒక అంకె సమాధానము చెప్పజాలదు. తేదీయు, వేళయు ప్రక్కన చేర్చి, వరుస తప్పక వ్రాసిన అంకెల పట్టీ కావలయును. ఇట్టి పట్టీకి శాస్త్రజ్ఞులు కాలశ్రేణి యని పేరు పెట్టిరి. కాలశ్రేణిని వ్రాసి యుంచుట ఒక విద్య; వ్రాసిన దానిని ప్రశ్నించుట వేరొక విద్య. మొదటి విద్య ఎంతయో పాతది. రెండవ దానిని లోకము మెల్లమెల్లగా నేర్చుకొన్నది. ఆ నేర్చుకొన్న కథను కొంత చెప్పదలచితిమి.

ఈజిప్టు దేశమున కైరో నగరము చెంత, నైలు నది నడుమ, రోదా యను లంక యొకటి కలదు. అచ్చట 861వ సంవత్సరమున అబ్బాసీ ఖలీఫా అల్ ముతవక్కిల్ ఆజ్ఞపై ఒక కొలత బావిని కట్టిరి. నదినుండి సొరంగముల ద్వారా నీరు బావిలోనికి వచ్చును. బావి నడుమ పలకలు తీర్చిన చలువరాతి స్తంభము నిలిచియుండును. దానిపై మూరల చొప్పున గీతలు చెక్కబడినవి. నైలు ఎంత పొంగినదో ఆ గీతలు చెప్పెడివి. పొంగు చాలినంత వచ్చినచో పంట పండును. ప్రభుత్వమునకు శిస్తు వచ్చును. పొంగు చాలనిచో కరవు. మితిమీరినచో గట్లు తెగి ఊళ్లు మునుగును. కావున ఆ స్తంభము రైతునకును, రాజునకును గూడ పంచాంగము వంటిదయ్యెను.

ఈ నైలు లెక్కలు చరిత్రకారుల గ్రంథములలో చేరి నిలిచినవి. ఈజిప్టు రాజవంశీయుడగు ఉమర్ తూసూన్ వానిని సేకరించి 1925లో ప్రకటించెను. వానిలో శాస్త్రజ్ఞులు తరచుగా వాడునది 622 నుండి 1284 వరకు గల 663 సంవత్సరముల కనిష్ఠ నీటిమట్టముల వరుస. శతాబ్దముల తరబడి ఎవరో ఒకరు బావిలోనికి దిగి, గీతను చూచి, అంకెను పైకి చెప్పిరి. వారి పేర్లు మనకు దక్కలేదు. వారి అంకెలు దక్కినవి.

ఆ అంకెలను మంచి ప్రశ్న యడిగినవాడు హెరాల్డ్ ఎడ్విన్ హర్స్ట్ అను ఆంగ్లేయుడు. ఇతడు 1906లో ఈజిప్టునకు వచ్చి జీవితములో అధికభాగమును నైలు సేవలోనే గడపెను. పంటలు ఎండని విధముగా నీటిని నిలువచేయుటకు జలాశయము ఎంత పెద్దదిగా నుండవలయును? ఇదియే అతని ప్రశ్న. సగటు ప్రవాహమును తెలిసికొన్నచో చాలునని తోచవచ్చును. కాని హర్స్ట్ సగటుతో తృప్తిపడక వరుసను పరిశీలించెను. నీరు సమృద్ధిగా నుండు సంవత్సరములు ఒకదాని వెంట నొకటి గుంపుగా వచ్చుచుండెను. కొరత సంవత్సరములును అట్లే. నదుల ప్రవాహములు, వర్షపాతములు, చెట్ల మ్రానులలోని వలయములు, సరస్సుల అడుగున పేరుకొన్న మట్టిపొరలు, వీనియందును అతనికి ఇట్టి తీరే కనబడెను. తన ఫలితములను 1951లో ప్రకటించెను.

ఇందలి కిటుకును ఇంటిలోనే చూడవచ్చును. 663 అంకెలను చీట్లుగా వ్రాసి కుండలో వేసి కలిపితిమనుకొందము. సగటు ఇసుమంతయు మారదు. అత్యధికము, అత్యల్పము మారవు. మారునది వరుస యొక్కటే. అయినను హర్స్ట్ కనుగొన్న సత్యము ఆ వరుసలోనే యున్నది. కరవులు విడివిడిగా వచ్చినచో చిన్న జలాశయము చాలును. గుంపుగా వచ్చినచో పెద్దది కావలయును. కాలశ్రేణికి ప్రాణము దాని క్రమమేయని దీనివలన తెలియుచున్నది.

ఇక కొలిచెడి పద్ధతి ఎట్లు మారినదో చూతము. అమెరికా సంయుక్త రాష్ట్రములలో పడమటి భూములు మెట్టవి. వానికి నీరెంత దొరకునో తెలియనిదే సేద్యపు కాలువలు త్రవ్వరాదని జాన్ వెస్లీ పావెల్ తలచెను. ఇతడు ఆ దేశపు భూగర్భ పరిశీలన శాఖకు అధిపతి. అతని కాలముననే, 1889లో, న్యూమెక్సికోలోని ఎంబూడో వద్ద రియో గ్రాండే నదిపై ఆ శాఖ మొదటి ప్రవాహమాపక కేంద్రము పని ప్రారంభించినది. అట్టి కేంద్రములలో మొదట మనిషి వచ్చి కొలబద్దను చూచి వ్రాసికొనెడివాడు. పిమ్మట బావిలో తేలెడి బెండు, దానికి తగిలించిన కలము, గడియారముతో తిరుగు కాగితపు చుట్ట వచ్చినవి. మనిషి నిద్రించు వేళను గూడ నది తన గీతను తానే గీసికొనుట మొదలయ్యెను. 1970ల తరువాత కొలత సంకేతములు ఉపగ్రహముల మీదుగా కార్యాలయములకు చేరసాగినవి. నేడు అచ్చటి పెక్కు కేంద్రములు 15 నిమిషముల కొకమారు కొలిచి, సాధారణముగా గంట కొకమారు పంపుచున్నవి.

మన దేశమున కేంద్ర జలసంఘము 1945లో ఏర్పడినది. దాని వరదసూచనల పని 1958లో ఢిల్లీ వద్ద యమునా నదితో ప్రారంభమైనది. భద్రాచలము అంకెలు మన యింటికి వచ్చుట అట్టి కృషి ఫలితమే.

కొలత పెరిగిన కొలది పట్టీ పెరుగును. 15 నిమిషముల కొక అంకె చొప్పున ఒక్క కేంద్రమే సంవత్సరమునకు 35,040 అంకెలను వ్రాయును. అట్టివి వేలకొలది యున్నప్పుడు దఫ్తరమంతయు మోసికొనిపోయి చూచుట యెవరి తరము? అందువలన ప్రశ్నించుటకు ఒక కట్టుబాటు కావలసివచ్చెను. ఇంటర్నెట్ మూలమున ఒక యంత్రము వేరొక యంత్రమును ప్రశ్నించి లెక్కలు తెచ్చుకొను ఆ కట్టుబాటునకే వెబ్ ఏ.పి.ఐ. అని పేరు.

పేరు క్రొత్తదైనను పద్ధతి మన పెద్దలెరిగినదే. తాలూకా కచ్చేరీలో భూమి లెక్కలకు నకలు కావలసినవాడు రికార్డు గదిలోనికి చొరబడి కట్టలు విప్పడు. ఏ గ్రామము, ఏ సర్వే నంబరు, ఏ ఫసలీ మొదలు ఏ ఫసలీ వరకు అని దరఖాస్తులో వ్రాసి యిచ్చును. గుమాస్తా లోనికి పోయి, ఆ మేరకే నకలు తెచ్చి యిచ్చును. వెబ్ ఏ.పి.ఐ. యందు దరఖాస్తు ఒక చిరునామా రూపమున నుండును. గుమాస్తా దూరమందలి కంప్యూటరు.

పైన చెప్పిన అమెరికా శాఖవారి జలలెక్కలను అడుగు తీరే తీసికొందము. కేంద్రమునకొక సంఖ్య కలదు. వాషింగ్టన్ నగరము దాపున పొటోమాక్ నదిమీది కేంద్రపు సంఖ్య 01646500. కొలిచెడి వస్తువునకును సంఖ్య కలదు. ప్రవాహ పరిమాణమునకు 00060, నీటిమట్టమునకు 00065. ఆ వెనుక మొదటి తేదీ, కడపటి తేదీ. లేదా పి7డి యని వ్రాసినచో గడచిన ఏడు దినములని యర్థము. తేదీలను, కాలపరిమితులను ఇట్లు వ్రాయు తీరు 1988లో అంతర్జాతీయ ప్రమాణముగా వెలువడినది. ఏ కేంద్రము, ఏ కొలత, ఎప్పటినుండి ఎప్పటివరకు: ప్రశ్నకు ఈ మూడే కాళ్లు. సమాధానము వేళ, విలువ, వేళ, విలువ అను జతలుగా క్షణములో వచ్చును.

ఇంత సులభమైనప్పుడు చిక్కు ఎచ్చట నున్నది? అడుగువానియందే యున్నది. గుమాస్తా అడిగినంతయే తెచ్చును. అడుగవలసినది ఏదో అతడు చెప్పడు.

మొదటి చిక్కు సగటు. పట్టీ పొడవుగా నున్నదని దినమునకొక సగటు చాలునని కోరుదుము. ఒక దినమున నది 18 గంటలు 40 అడుగుల వద్దను, 6 గంటలు 56 అడుగుల వద్దను ఉండెననుకొందము. ఆ దినపు సగటు 44 అడుగులు. సగటును చూచినవాడు మొదటి హెచ్చరిక మాత్రమే దాటెననుకొనును. గట్టుమీది వారి యిండ్లలోనికి వచ్చినది మూడవ హెచ్చరికను మించిన నీరు. సగటు అబద్ధము కాదు. కాని వరదను గూర్చి అడుగవలసినది సగటు కాదు, అత్యధికము.

రెండవ చిక్కు వేళ. లోకమునకంతటికి సమానమైన ప్రామాణిక కాలముకంటె మన గడియారము 5 గంటల 30 నిమిషములు ముందున్నది. ఆ కాలము ప్రకారము 16వ తేదీ లెక్కలు తెచ్చుకొన్నచో, మన 16వ తేదీ తెల్లవారుజామున 5 గంటల 30 నిమిషములనుండి మాత్రమే అవి మొదలగును. అర్ధరాత్రి వచ్చిన వరద ఆ పట్టీలో నుండదు.

మూడవది ఖాళీ. వరద పెల్లుబికినప్పుడే కొలత యంత్రము కొట్టుకొనిపోవుటయు కలదు. అప్పుడు విలువ లేదని తెలుపుటకు ఆ శాఖవారి సమాధానములో ఋణ 999999 అను అంకె గుర్తుగా నిర్ణయింపబడినది. అది నీటిమట్టము కాదు, తెలియదని చెప్పుటయే. దానిని ఇతర అంకెలతో కూడినవాని లెక్క పాతాళమునకు పోవును. దానికి మారుగా సున్న వేసినవాడు ఉప్పొంగిన నదిని ఎండిపోయినదిగా వ్రాసికొనును. ఖాళీ వేరు, సున్న వేరు.

నాలుగవది తాత్కాలికత. అప్పటికప్పుడు వచ్చిన అంకెలపై తాత్కాలికము అను గుర్తు ఉండును. నది అడుగున ఇసుక మేట వేసినను, చెత్త అడ్డుపడినను కొలత తప్పవచ్చును. నిపుణులు సరిచూచిన పిమ్మటనే ఆమోదితము అను గుర్తు వేయుదురు. ప్రాణము కాపాడుకొనుటకు తాత్కాలికపు అంకె చాలును, ఆలస్యము చేయరాదు. వంతెన కట్టుటకు మాత్రము ఆమోదితమైనది కావలయును.

ఈ నాలిగింటికంటె పెద్ద చిక్కు ఒకటి కలదు. అది ఎంత వెనుకకు చూడవలయును అనునది. భద్రాచలము వద్ద 2022 జూలై 16న గోదావరి 71.3 అడుగులకు చేరినది. గడచిన ముప్పది సంవత్సరములలో ఎన్నడెక్కువ వచ్చినదని యిప్పుడు అడిగినచో ఈ అంకెయే వచ్చును. ఇంటి పునాదిని దానికి అడుగు ఎత్తుగా వేసికొన్నవాడు నిశ్చింతగా నిద్రించును. అదే ప్రశ్నను ఏబది సంవత్సరములకు అడిగినచో వేరొక అంకె వచ్చును: 1986 ఆగస్టు 16న 75.6 అడుగులు. రెండింటికి భేదము 4.3 అడుగులు. అనగా రెండవ అంకె వచ్చిన నాడు అతని నడవలో మూడడుగులకు మించి నీరుండును. నది లెక్కలో తప్పు లేదు. ప్రశ్నలో వ్రాసిన మొదటి తేదీయే తప్పు.

రోదా లంకలో స్తంభమును చూచిన వారు మన యెరుకకు రారు. వారు తమ పని చేసి పోయిరి. నేడు కొలుచుటకు యంత్రములున్నవి, తెచ్చియిచ్చుటకు యంత్రములున్నవి. ఎచ్చటినుండి ఎచ్చటివరకు అడుగవలయునో నిర్ణయించు భారము మాత్రము మనదే. రాబోవు వర్షాకాలమున రేడియో ఒక అంకెను చెప్పినప్పుడు, దాని ప్రక్కన నిన్నటి అంకెను, 1986 నాటి అంకెను గూడ వ్రాసి గోడకు తగిలించుకొన్న యిల్లు, ఒక్క అంకెను మాత్రమే విన్న యింటికంటె ముందుగా మేలుకొనును.