సైకిల్ తొక్కే పెద్దలకు హెల్మెట్ అవసరమా? చట్టం, పరిశోధనలు, జాగ్రత్తలు

హెల్మెట్ లేకుండా బైక్ నడిపితే చలాన్ ఇంటికే వస్తుంది. అదే రోడ్డు మీద, అవే లారీల పక్కన సైకిల్ తొక్కే మనిషిని మాత్రం ఎవరూ ఆపరు. పాల క్యాన్లు కట్టుకుని వెళ్లేవారు, పేపర్ వేసేవారు, ఫ్లాస్క్‌లో చాయ్ పెట్టుకుని తిరిగి అమ్మేవారు, ఫజ్ర్ నమాజుకు చీకట్లోనే మసీదుకు బయల్దేరే పెద్దలు... వీళ్లలో హెల్మెట్ పెట్టుకునేవారు దాదాపు కనిపించరు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్‌కు వెళ్తే మాత్రం హెల్మెట్లు బాగానే కనిపిస్తాయి. అంటే బండ్లు రాని ట్రాక్ మీద హెల్మెట్ ఉంది, లారీలు తిరిగే రోడ్డు మీద లేదు.

ఇంతకీ పెద్దలకు సైకిల్ హెల్మెట్ అవసరమా? క్లుప్తంగా చెప్పాలంటే, మన దేశంలో చట్టప్రకారం తప్పనిసరి కాదు. కానీ మన రోడ్ల మీద తొక్కేవారు పెట్టుకోవడమే మంచిది. అయితే హెల్మెట్ ఒక్కటే కాపాడుతుందని అనుకోకూడదు. ఎందుకో చూద్దాం.

మన చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 129 ప్రకారం మోటార్ సైకిల్ నడిపేవారికి, వెనుక కూర్చునేవారికి హెల్మెట్ తప్పనిసరి. 2019 సవరణ తర్వాత దీన్ని పాటించకపోతే 1,000 రూపాయల జరిమానా, 3 నెలల పాటు లైసెన్స్‌పై అనర్హత ఉంటాయి. సైకిల్‌కు ఇంజిన్ లేదు కాబట్టి అది మోటారు వాహనం కిందికి రాదు. అందుకే ఈ సెక్షన్ సైకిల్‌కు వర్తించదు.

ఈ చట్టంలో పేరు పెట్టి మినహాయింపు ఇచ్చింది తలపాగా ధరించే సిక్కులకే. టోపీ ఉందనో, హిజాబ్ ఉందనో బైక్ హెల్మెట్ మానేస్తే చట్టం ఒప్పుకోదు. ఈ విషయంలో చాలామందికి అపోహ ఉంది.

ఎలక్ట్రిక్ బండ్ల సంగతి వేరు. మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, మిగతా షరతులకూ సరిపోయేవాటిని కేంద్ర నిబంధనలు మోటారు వాహనంగా లెక్కించవు. అంతకు మించితే లైసెన్స్, రిజిస్ట్రేషన్, హెల్మెట్ అన్నీ కావాల్సిందే.

విదేశాల్లో ఉన్నవారు గమనించాల్సింది

మనవాళ్లు ఎక్కువగా ఉన్న దేశాల్లో నియమాలు ఒకేలా లేవు. దుబాయ్‌లో 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం సైకిల్ తొక్కేవారికి హెల్మెట్, మెరిసే జాకెట్ తప్పనిసరి. లేకపోతే 200 దిర్హమ్‌ల జరిమానా. గదికీ పని చోటికీ మధ్య సైకిల్ మీద తిరిగే కార్మికులకు ఇది చిన్న మొత్తం కాదు.

ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 1990 జూలై 1 నుంచి అన్ని వయసులవారికీ సైకిల్ హెల్మెట్ తప్పనిసరి చేసింది. ప్రపంచంలో ఇలాంటి చట్టం అదే మొదటిది. తర్వాత రెండేళ్లలో మిగతా రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్‌లో జరిమానా 300 డాలర్లు దాటింది. న్యూజిలాండ్‌లో 1994 నుంచి తప్పనిసరి. బ్రిటన్‌లో హైవే కోడ్ పెట్టుకోమని సలహా ఇస్తుంది తప్ప బలవంతం లేదు. అమెరికాలో మామూలు సైకిల్ తొక్కే పెద్దలందరికీ హెల్మెట్ తప్పనిసరి చేసిన రాష్ట్రం ఒక్కటీ లేదు. కొన్ని నగరాలు, కౌంటీలకు మాత్రం సొంత నియమాలున్నాయి.

హెల్మెట్ ఎలా పనిచేస్తుంది?

సైకిల్ హెల్మెట్ లోపల ఉండేది థర్మాకోల్ లాంటి గట్టి నురుగు పదార్థం. తల నేలకు తగిలినప్పుడు అది నలిగిపోయి, దెబ్బ ఒక్కసారిగా పుర్రెకు చేరకుండా ఆపుతుంది. ఒకసారి నలిగితే మళ్లీ పనికిరాదు. పైకి బాగానే కనిపించినా, గట్టిగా దెబ్బ తగిలిన హెల్మెట్‌ను పారేయాల్సిందే.

యూరప్ ప్రమాణం ఈఎన్ 1078 ప్రకారం హెల్మెట్‌ను సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుంచి పడేసి పరీక్షిస్తారు. అంటే నేలను తాకేసరికి గంటకు 20 కిలోమీటర్లకు కాస్త తక్కువ వేగం. సైకిల్ జారి పడినప్పుడు, గుంతలో చక్రం దిగి ముందుకు తూలినప్పుడు తలకు తగిలే దెబ్బ దాదాపు ఇలాంటిదే. గంటకు 60 కిలోమీటర్లతో వచ్చే లారీ గుద్దితే తట్టుకోవడానికి దీన్ని తయారు చేయలేదు. హెల్మెట్ చేయగలిగేదేంటి, చేయలేనిదేంటి అన్నది ఇక్కడే అర్థమవుతుంది.

పరిశోధనలు ఏం తేల్చాయి?

1989లో అమెరికాలోని సియాటెల్ పరిశోధకులు హెల్మెట్ వల్ల తల గాయాల ముప్పు 85 శాతం తగ్గుతుందని ప్రచురించారు. ఈ అంకె చాలా ఏళ్లు ప్రపంచమంతా తిరిగింది. తర్వాతి అధ్యయనాల్లో అంత ఎక్కువ రాలేదు. 2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు 40 అధ్యయనాలను, గాయపడిన 64 వేల మందికి పైగా సైక్లిస్టుల వివరాలను కలిపి చూశారు. హెల్మెట్ ఉన్నవారిలో తల గాయాలు 51 శాతం, తీవ్రమైన తల గాయాలు 69 శాతం, ప్రాణం తీసే తల గాయాలు 65 శాతం తక్కువని లెక్క తేలింది. మెడకు హాని జరుగుతుందన్న భయానికి ఆధారం దొరకలేదు.

ఇలాంటి లెక్కలకు ఒక పరిమితి ఉంది. హెల్మెట్ పెట్టుకునేవారు మొదటి నుంచీ కాస్త జాగ్రత్తగా తొక్కేవాళ్లు కావచ్చు. ఆ మేరకు తగ్గించి చూసినా, కింద పడ్డప్పుడు హెల్మెట్ ఉన్న తలకు ముప్పు తక్కువ అన్నదానిపై పెద్దగా వివాదం లేదు. వివాదమంతా చట్టం చేయాలా వద్దా అన్నదానిపైనే.

తప్పనిసరి వద్దనేవారి వాదన

చట్టం పెడితే జనం సైకిల్ మానేస్తారన్నది మొదటి వాదన. ఆస్ట్రేలియాలో చట్టం వచ్చాక సైకిళ్లు తొక్కేవారి సంఖ్య, ముఖ్యంగా టీనేజర్లలో, తగ్గినట్లు లెక్కింపుల్లో కనిపించింది. మెక్సికో సిటీ అద్దె సైకిళ్లు తెచ్చిన 2010లోనే హెల్మెట్ నియమాన్ని ఎత్తేసింది. సైకిల్ తొక్కితే బీపీకి, షుగర్‌కు, గుండెకు జరిగే మేలు పోగొట్టుకోవడం కూడా నష్టమేనని వీరంటారు.

రెండోది, బండి నడిపేవారి తీరు. 2006లో ఇంగ్లండ్‌లో ఒక పరిశోధకుడు తానే సైకిల్ తొక్కుతూ, పక్కనుంచి వెళ్లే వాహనాల దూరం కొలిచాడు. హెల్మెట్ ఉన్నప్పుడు డ్రైవర్లు సగటున 8.5 సెంటీమీటర్లు దగ్గరగా వెళ్లారని తేలింది. ఆ అంకెలనే మళ్లీ విశ్లేషించిన ఇతరులు ఈ తేడాకు పెద్ద ప్రాధాన్యం లేదన్నారు.

మూడో వాదన పేదవాడి గురించి. సియాటెల్ ఉన్న కింగ్ కౌంటీ 2022లో హెల్మెట్ నియమాన్ని రద్దు చేసింది. ఇల్లు లేనివారికి, నల్లజాతీయులకే ఎక్కువగా జరిమానాలు పడుతున్నాయన్నది ప్రధాన కారణం. ఈ మాట మనకూ వర్తిస్తుంది. 2011 జనగణన ప్రకారం దేశంలో వ్యవసాయేతర పనులకు వెళ్లేవారిలో సుమారు 13 శాతం మంది సైకిల్‌పైనే వెళ్లేవారు. రోజు కూలీ దగ్గర చలాన్ వసూలు చేస్తే ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగదు.

ఇక నెదర్లాండ్స్ ఉదాహరణ అందరూ చెప్తారు. అక్కడ జనం హెల్మెట్ లేకుండానే హాయిగా తిరుగుతారు. కారణం వేరు దారులు, తక్కువ వేగాలు, సైకిల్‌ను గౌరవించే డ్రైవర్లు. అలాంటి దేశంలో కూడా, ఎలక్ట్రిక్ సైకిళ్ల మీద పెద్ద వయసువారు గాయపడుతుండటంతో 2024లో ప్రభుత్వం హెల్మెట్ పెట్టుకోమని ప్రచారం మొదలుపెట్టింది. బలవంతం మాత్రం చేయలేదు.

మరి మనం ఏం చేయాలి?

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో సైకిల్ మీద ఉన్నవారు 4,800 మందికి పైనే. మనకు నెదర్లాండ్స్ రోడ్లు లేవు. అవి వచ్చేదాకా తలను ఖాళీగా వదలడం తెలివైన పని కాదు. చలాన్ పెట్టాలా వద్దా అన్నది ప్రభుత్వం తేల్చుకోవాల్సిన విషయం. ఇంటికి ఒక్కడే సంపాదించే మనిషి తలకు దెబ్బ తగిలితే ఆసుపత్రి బిల్లు, ఆగిపోయే జీతం, పిల్లల ఫీజులు అన్నీ ఆ ఇంటి మీదే పడతాయి. దాని ముందు హెల్మెట్ ఖర్చు చాలా చిన్నది.

హెల్మెట్‌తో పాటు ముందు తెల్ల లైటు, వెనుక ఎర్ర లైటు, పెడల్స్‌కు రిఫ్లెక్టర్లు, పట్టు ఉన్న బ్రేకులు ఉండాలి. రంజాన్‌లో సహరీ వేళ, ఫజ్ర్ వేళ చీకట్లో వెళ్లేవారికి లైటు మరీ ముఖ్యం. ప్రమాదం జరగకుండా చూసేది లైటు. జరిగాక కాపాడేది హెల్మెట్.

కొనేటప్పుడు, పెట్టుకునేటప్పుడు

- ఈఎన్ 1078 లేదా అమెరికా సీపీఎస్‌సీ గుర్తు ఉన్నదే తీసుకోవాలి. సెకండ్ హ్యాండ్ వద్దు. అది ఎక్కడ దెబ్బ తిన్నదో మనకు తెలియదు.
- బైక్ హెల్మెట్‌కు ఐఎస్ 4151 ప్రమాణం, ఐఎస్ఐ గుర్తు ఉంటాయి. సైకిల్ హెల్మెట్ పెట్టుకుని బైక్ నడిపితే కుదరదు.
- ముందు అంచు కనుబొమ్మలకు రెండు వేళ్ల పైన ఉండాలి. వెనక్కి వాలిస్తే నుదురు ఖాళీ అవుతుంది.
- పట్టీలు చెవుల కింద కలవాలి. గడ్డం కింద ఒకటి రెండు వేళ్లు దూరేంత బిగువు చాలు. గడ్డం పెంచినవారు పట్టీ వెంట్రుకల మీద కాకుండా దవడ కింద ఆనేలా సరిచేసుకోవాలి.
- హిజాబ్ వేసుకునే మహిళలు సైకిల్ మీద పల్చటి, ఒకే పొర స్కార్ఫ్ వాడాలి. తల మీద పిన్నులు, హెల్మెట్ కిందికి వచ్చే కొప్పు ఉండకూడదు. కొనేటప్పుడు స్కార్ఫ్‌తోనే పెట్టి చూసుకోవాలి.
- మందంగా ఉండే టోపీ తీసి జేబులో పెట్టుకుని, దిగాక పెట్టుకోవడం మేలు. టోపీ మీద హెల్మెట్ జారుతుంది.

పడిపోతే ఈ లక్షణాలు గమనించండి

తలకు దెబ్బ తగిలాక వాంతులు, ఎక్కువవుతున్న తలనొప్పి, మగత, మాట తడబడటం, ఫిట్స్, ముక్కు లేదా చెవి నుంచి రక్తం కానీ నీరు కానీ కారడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. రక్తం పలచబడే మాత్రలు వాడే పెద్దలు బాగానే ఉన్నామన్నా డాక్టర్‌కు చూపించాలి, లోపల రక్తస్రావం మెల్లగా మొదలవ్వచ్చు. రోడ్డు మీద పడినవారికి సాయం చేసేవారు కేసులకు భయపడక్కర్లేదు. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 134ఏ మంచి మనసుతో సాయపడినవారికి రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని కూడా వారిని బలవంతం చేయకూడదు.