మూల్యాంకనలో విద్యార్థి పక్షం: 1914 నాటి వ్యాసరచన వివాదం – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
పరీక్ష విద్యార్థి జ్ఞానాన్ని కొలుస్తుందా, ఆ జ్ఞానాన్ని వ్యక్తం చేసే భాషను కొలుస్తుందా అన్న ప్రశ్న ఉన్నత విద్యలో నేటికీ తెగలేదు. 20వ శతాబ్ది రెండవ దశకంలో ఈ ప్రశ్న మద్రాసు విశ్వవిద్యాలయం ముందుకు వచ్చింది. ఇంటర్మీడియట్ విద్యార్థి తెలుగు వ్యాసాన్ని గ్రాంథికంలోనే రాయాలా, శిష్టవ్యావహారికంలోనూ రాయవచ్చునా అన్నది వివాదాంశం. భాషాచరిత్రలో సుప్రసిద్ధమైన ఈ ఘట్టాన్ని మూల్యాంకన చరిత్ర దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కొలమానం:
చిన్నయసూరి బాలవ్యాకరణం కావ్యభాషకు లక్షణం చెప్పింది. దానినే ఆధునిక వచనానికి ప్రమాణంగా గ్రహించడంతో విద్యార్థిపై అదనపు భారం పడింది. ‘వచ్చాడు’ అని మాట్లాడేవాడు ‘వచ్చెను’ అని రాయాలి. ‘వాఁడు’లోని అరసున్న, ‘గుఱ్ఱము’లోని బండి ఱ నిత్యవ్యవహారంలో చెవికి అందవు, వాటిని కంఠస్థం చేయవలసిందే. విషయాలోచనకు వినియోగించవలసిన శ్రమ రూపసాధనకే ఖర్చయ్యేది.

వాదప్రతివాదాలు:
భాషకు స్థిరత్వం, ప్రాంతాలన్నింటికీ ఏకరూపత గ్రాంథికం వల్లనే సాధ్యమని జయంతి రామయ్య పంతులు ప్రభృతులు వాదించారు. ఆ వాదాన్ని తేలికగా తోసిపుచ్చలేము. ఏకరూపత లేనిచోట మూల్యాంకన దిద్దేవారి అభిరుచిని బట్టి మారిపోయే ప్రమాదం ఉంది. అయితే గ్రాంథికాన్ని సమర్థించే పండితుల రచనల్లోనే వ్యాకరణ విరుద్ధ ప్రయోగాలు ఉన్నాయని గిడుగు రామమూర్తి నిరూపించారు. పర్లాకిమిడిలో అధ్యాపకుడిగా ఆయన గడించిన అనుభవం ఈ విమర్శకు బలమిచ్చింది. పండితులకే పట్టుబడని ప్రమాణంతో విద్యార్థిని కొలవడం న్యాయమా అన్న ప్రశ్న అందులో అంతర్లీనంగా ఉంది. కమిటీ సభ్యుడైన గురజాడ అప్పారావు 1914లో అసమ్మతి పత్రం సమర్పించారు. నిర్ణయం మాత్రం గ్రాంథికానికే అనుకూలంగా వెలువడింది. ఆ నిర్ణయం ఎవరి జవాబుపత్రాలకు వర్తిస్తుందో, ఆ విద్యార్థులకు కమిటీలో స్థానం లేదు.

ముగింపు:
తెలుగు పరిశోధకులు సిద్ధాంత గ్రంథాలను వ్యావహారికంలో సమర్పించే అనుమతి 1960ల చివరిభాగంలో గాని రాలేదు. అంటే ఒక కొలమానాన్ని సవరించడానికి అర్ధశతాబ్దం పైగా పట్టింది. ఈ మధ్యకాలంలో మార్కులు కోల్పోయినవారి అజ్ఞానం ఎంత, కొలమానం దోషం ఎంత అన్నది తేల్చడానికి ఇప్పుడు వీలులేదు. జవాబుపత్రం దిద్దే ప్రతి అధ్యాపకుడూ తాను దేనిని కొలుస్తున్నాడో ముందుగా నిర్ణయించుకోవాలి, దానిని విద్యార్థికి ముందే తెలియజెప్పాలి. 1914 వివాదం నేటి మూల్యాంకనకు అందించే పాఠం ఇదే.