తల్లి అయిన క్రీడాకారిణి: ఒక చారిత్రక పరిశీలన

ఈత, సైకిలు, పరుగు — ఈ మూడింటినీ విరామం లేకుండా ఒకే పందెంగా సాగించే ఆటను ట్రయాత్లాన్ అంటారు. ఒలింపిక్ క్రీడలలో దీని కొలత ఒకటిన్నర కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు. 1974లో అమెరికాలోని శాన్ డియాగోలో మొదలైన ఈ ఆట 2000లో సిడ్నీ ఒలింపిక్సులో ప్రవేశించింది. మహిళల బరువులెత్తే పోటీ కూడా ఆ సంవత్సరమే, అక్కడే, మొదటిసారిగా ఒలింపిక్ రంగం ఎక్కింది. ఆ పోటీలోనే సెప్టెంబరు 19న శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం అందుకున్న మొదటి భారతీయ మహిళ ఆమె.

స్విట్జర్లాండుకు చెందిన నికోలా స్పిరిగ్ 2012లో లండనులో ట్రయాత్లాన్ స్వర్ణం గెలిచారు. 2013లో కొడుకు పుట్టాడు. 2016లో రియోలో రజతం గెలిచారు. మరి ఇద్దరు బిడ్డలను కని 2021లో టోక్యోలో మళ్ళీ పోటీకి దిగి ఆరవ స్థానంలో నిలిచారు. ఇటువంటి వార్త వచ్చినప్పుడల్లా మనవాళ్ళు “మాతృశక్తి” అనీ, “అద్భుతం” అనీ చేతులు జోడిస్తారు. ఈ అద్భుతమనే మాట నాకు గిట్టదు. దేనినైనా అద్భుతమని ఒప్పుకుంటే ఇక దానికి కారణాలు వెతికే పని ఉండదు గదా! ఒక స్త్రీ ప్రసవించిన తరువాత బరిలోకి తిరిగి రాగలగడానికి ఏ పరిస్థితులు తోడ్పడ్డాయి? తిరిగి రాలేకపోయిన వేలమందికి ఏవి అడ్డుపడ్డాయి? చరిత్ర చదివేవాడు అడగవలసిన ప్రశ్నలు ఇవి.

మొదట ఒక పాత అబద్ధం సంగతి చూద్దాం. స్త్రీ దేహం సంతానం కోసమే ఏర్పడిందనీ, పరుగులు పెడితే ఆ శక్తి చెడుతుందనీ పందొమ్మిదవ శతాబ్దపు వైద్యులు పలువురు బోధించారు. 1900లో పారిస్ ఒలింపిక్సులో స్త్రీలు మొదటిసారి పాల్గొన్నా, అది కొద్ది ఆటలకే పరిమితం. 1928లో ఆంస్టర్‌డాంలో వారు 800 మీటర్లు పరుగెత్తితే, చివర అలసి ఒరిగిపోయారన్న సాకుతో ఆ పోటీనే తీసివేశారు. మళ్ళీ 1960 దాకా అది రాలేదు. మహిళల మారథాన్ 1984 దాకా లేనే లేదు. ఈ నడుమ 1948లో హాలండుకు చెందిన ఫానీ బ్లాంకర్స్-కోయెన్, ముప్ఫై ఏళ్ళ వయసులో, ఇద్దరు పిల్లల తల్లి అయివుండి, లండనులో నాలుగు స్వర్ణాలు గెలిచారు. వెళ్ళేముందు ఆమెను పిల్లల దగ్గర ఇంట్లో ఉండమన్నారు. గెలిచాక “ఎగిరే గృహిణి” అని బిరుదిచ్చారు. గెలుపును ఒప్పుకోక తప్పనప్పుడు కూడా వంటింటిని ఆమె పేరుకు తగిలించే పంపారు!

మన గోదావరి డెల్టాకు వద్దాం. ఇక్కడ ఈ అబద్ధాన్ని ఎవరూ పాటించలేదు — కూలి స్త్రీల విషయంలో. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు పారిన తరువాత ఈ నేల వరిమాగాణి అయింది. ఊడ్పులు, కలుపుతీత, కోతలు స్త్రీల చేతుల మీదుగానే సాగాయి. భూమిగల ఇళ్ళలో బాలింతకు పుట్టింటిలో పురుడు పోసి, మూడవ నెలలోనో ఐదవ నెలలోనో సారెతో అత్తవారింటికి పంపే ఆచారం ఉండేది. దానిలో మూఢత్వమూ ఉంది: దాహానికి నీళ్ళు కూడా కొలిచి ఇచ్చే పథ్యాలు, గాలి సోకని గదులు. అయినా దానిలో విశ్రాంతి ఉన్నది. మరి కూలి స్త్రీకో? ఊడ్పుల అదను బాలింత కోసం ఆగదు. చీరతో చెట్టుకొమ్మకు ఉయ్యాల కట్టి, నెల నిండని బిడ్డను అందులో వేసి, మోకాటి లోతు బురదలో నడుము వంచిన తల్లులను కోనసీమలో నా చిన్ననాట నేను చూశాను. వారిని ఎవరూ మెచ్చుకోలేదు. “మాతృశక్తి” అన్న మాట ఆ గట్టుమీద నాకు ఎన్నడూ వినిపించలేదు.

క్రీడాకారిణికి తిరిగి రావద్దంటారు. కూలి స్త్రీని వెంటనే రమ్మంటారు. పైకి ఈ రెండూ విరుద్ధంగా కనబడతాయి. కాని రెండింటిలోనూ నిర్ణయం ఆమెది కాదు. ఒకచోట కుటుంబగౌరవం నిర్ణయిస్తుంది, మరొకచోట ఆకలి నిర్ణయిస్తుంది.

శాస్త్రం ఏమంటున్నదో కూడా చూడాలి. గర్భిణి రక్త పరిమాణం దాదాపు సగం మేర పెరుగుతుంది. కటి కండరాలు, కడుపు గోడ సాగి, ప్రసవానంతరం మెల్లగా తిరిగి బిగుస్తాయి. పాలిచ్చే తల్లికి రోజుకు సుమారు 500 కెలోరీల ఆహారం అదనంగా కావాలి. 2019లో బ్రిటనులోని ఫిజియోథెరపిస్టులు ప్రకటించిన సూచనల ప్రకారం ప్రసవమైన మూడు నెలలకు ముందు పరుగు మొదలుపెట్టరాదు. ముందు నడక, కటి కండరాల వ్యాయామం, ఆ తరువాతే పరుగు. ఈతకైనా రక్తస్రావం ఆగి గాయాలు మానాలి. అంటే దేహానికి కాలం కావాలి, తిండి కావాలి, నిద్ర కావాలి. వీటిలో ఏ ఒక్కటీ సంకల్పబలంతో సృష్టించగలిగేది కాదు. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఇటువంటి దేశంలో పట్టుదల గురించి ఉపన్యాసాలివ్వడం కంటె కంచంలో ఏమి పడుతున్నదో అడగడం మేలు.

మన తెలుగు క్రీడాకారిణుల అనుభవాలు ఈ సత్యాన్నే చెబుతున్నాయి. మల్లీశ్వరికి 2001లో కొడుకు పుట్టాడు. 2002 కామన్వెల్తు క్రీడలలో తిరిగి దిగాలనుకున్నారు. తండ్రి మరణంతో అది సాగలేదు. 2004లో ఏథెన్సు దాకా వెళ్ళారుగాని పతకం రాలేదు. ఆ తరువాత విరమించారు. దీనిని ఓటమి అనే అధికారం మనకు లేదు. గుడివాడకు చెందిన కోనేరు హంపికి 2017లో కూతురు పుట్టింది. ఆమె 2018లో చదరంగపు ఒలింపియాడ్‌తో తిరిగి ఆటలోకి వచ్చి, 2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ విజేత అయ్యారు. 2024లో న్యూయార్కులో అదే కిరీటం రెండవసారి గెలిచారు. ఆమె ఉద్యోగం ఓఎన్‌జీసీలో — రాజమహేంద్రవరం కేంద్రంగా మన డెల్టా భూగర్భంలోని చమురు, వాయువులను తవ్వుతున్న ప్రభుత్వరంగ సంస్థ అది. బహుమతి సొమ్ము ఆగినా జీతం ఆగని ఉద్యోగం ఆటగత్తెకు ఎంత ఆధారమో వేరే చెప్పాలా? హైదరాబాదు సానియా మీర్జాకు 2018 అక్టోబరులో కొడుకు పుట్టాడు. 2020 జనవరిలో ఆమె హోబర్టులో నదియా కిచెనోక్‌తో కలిసి డబుల్సు టైటిలు గెలిచారు.

సానియా తిరిగి వచ్చేనాటికి టెన్నిసులో ఒక నియమం మారివుంది. 2017లో గర్భిణిగా ఆట విడిచినప్పుడు అగ్రస్థానంలో ఉన్న సెరీనా విలియమ్స్, 2018 ఫ్రెంచి ఓపెనుకు తిరిగివచ్చేసరికి 451వ ర్యాంకుతో, సీడింగు లేకుండా ఆడవలసివచ్చింది. బిడ్డను కనడం గాయం వంటిదా, శిక్షకు తగిన నేరమా అని చర్చ చెలరేగింది. ఆ ఏడాది డిసెంబరులోనే మహిళా టెన్నిసు సంఘం నియమం మార్చి, తల్లులు తమ పూర్వపు ర్యాంకును ప్రసవం నుంచి మూడేళ్ళదాకా వాడుకోవచ్చునన్నది. 2019లో పరుగుపందెగత్తె ఆలిసన్ ఫెలిక్స్, ప్రసవానంతరం వేగం తగ్గితే ప్రతిఫలం కోయబోమన్న హామీని నైకీ కంపెనీ తనకు ఇవ్వలేదని పత్రికాముఖంగా చాటారు. కొన్ని నెలలకే కంపెనీ తన ఒప్పందాలను సవరించుకుంది. 2024లో పారిస్ క్రీడాగ్రామంలో పసిపిల్లల గది మొదటిసారి వెలసింది. అదే పారిస్‌లో స్త్రీలు మొదట ఆడినది 1900లో. ఒక ఊయెల గదికి 124 సంవత్సరాలు!

కర్మాగారపు స్త్రీకి ఈ హక్కు ముందే, పోరాటం మూలంగానే వచ్చింది. 1919లో వాషింగ్టనులో అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రసూతి రక్షణ ఒడంబడిక చేసింది. 1929లో బొంబాయి రాష్ట్రం చట్టం చేసింది. గోదావరి జిల్లాలు అప్పుడున్న మద్రాసు రాష్ట్రమూ తరువాత అదే దారి పట్టింది. 1961లో కేంద్ర చట్టం పన్నెండు వారాల సెలవిచ్చింది; 2017 సవరణ మొదటి ఇద్దరు బిడ్డలకు దానిని 26 వారాలు చేసింది. పరిశోధక విద్యార్థినులకు 240 రోజుల సెలవు 2016లో యూజీసీ నిబంధనలలో చేరింది. ఇవన్నీ ఉద్యోగమో, నమోదో ఉన్నవారికి. పొలం గట్టుమీది తల్లికి ఏమున్నది? ఆరువేల రూపాయలకు తక్కువ కాని ప్రసూతి సహాయం ఇవ్వాలని 2013 ఆహార భద్రతా చట్టం అన్నది. 2017 పథకం మొదటి కాన్పుకు 5,000 రూపాయలు నిర్ణయించింది. ఆరు నెలల కూలికి ఇది ఏ మూలకు?

కూలి తల్లికే తిండి లేనప్పుడు క్రీడాకారిణుల గొడవ మనకెందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. ఈ ఆక్షేపణలో న్యాయం కొంత ఉన్నది. ట్రయాత్లాన్ సైకిలు ఖరీదుతో ఒక కూలి కుటుంబం ఏడాది గడపవచ్చు. కాని ఆటను సంపన్నులకు వదిలివేయడం అభ్యుదయం కాదు. 1874లో కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టినప్పుడు కూడా, అన్నం లేని దేశంలో ఆడపిల్లకు అక్షరమెందుకన్నవారు ఉన్నారు. నేను పాఠం చెప్పే కళాశాలలో తెల్లవారక ముందే కాలవగట్టు వెంట పరుగుతీసే అమ్మాయిలున్నారు. కాలవగట్ల మీద సైకిలు తొక్కి బడికి వచ్చినవారే వారిలో ఎక్కువ. పెళ్ళితో సగంమంది ఆట మానుతున్నారు, కాన్పుతో మిగతా సగం. వారి తల్లులలో చాలామంది ఊడ్పు కూలీలు.

తల్లికి రావలసిన సమస్య ఒక్కటే గనుక కోర్కెలూ కలిపే అడగాలి: కూలి స్త్రీకి కూలి నష్టపోని ప్రసూతి విశ్రాంతి, క్రీడాకారిణికి స్థానం చెక్కుచెదరని సెలవు, పొలం దగ్గరా క్రీడామైదానం దగ్గరా పిల్లల గది, బిడ్డను ఎత్తుకోవడంలో తండ్రి వంతు. ఎప్పుడు తిరిగి రావాలో, అసలు రావాలో వద్దో, నిర్ణయించేది ఆమె. విద్యార్థి సంఘాలూ ఉపాధ్యాయ సంఘాలూ ఈ కోర్కెలను తమ మహాసభల తీర్మానాలలో చేర్చాలి. వ్యవసాయ కార్మిక స్త్రీలను పిలిచి వారి ముందు, వారితో కలిసి చర్చించాలి.