జేగురుపాడు కరెంటు కుప్పం చేరిందా?

1991 తరువాత విద్యుత్ ఉత్పత్తి రంగం తలుపులు ప్రైవేటు పెట్టుబడికి తెరుచుకున్నాయి. అప్పటినుంచి ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు చార్జీ పెరిగినప్పుడల్లా ‘విదేశీ కంపెనీ కరెంటు’ అనే మాట చర్చల్లోకి వస్తూనే ఉంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలకూ వాటి చుట్టూ ఉన్న బోరుబావుల పల్లెలకూ ఆ మాట ఎంతవరకు వర్తిస్తుందన్నదే ఇక్కడి ప్రశ్న. పాత పత్రాలలో ఈ మూడూ చిత్తూరు జిల్లావే. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. కాబట్టి ఈ వ్యాసంలో ‘చిత్తూరు’ అన్నచోట 2022కి ముందున్న జిల్లా అనే అర్థం చేసుకోవాలి.

1. ముందుగా మాటకు హద్దు గీయాలి. కేంద్రం తొలి విడతలో వేగంగా అనుమతులిచ్చిన ఎనిమిది ప్రైవేటు విద్యుత్ ప్రాజెక్టులలో మూడు ఆంధ్రప్రదేశ్‌వే: రాజమండ్రి దగ్గర జేగురుపాడు, కాకినాడ దగ్గర స్పెక్ట్రమ్, విశాఖపట్నం దగ్గర హిందుజా. మూడింటిలోనూ విదేశీ పేర్లు కనిపిస్తాయి, కానీ వాటన్నిటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. జేగురుపాడులో జీవీకేతో చేయి కలిపిన సీఎంఎస్ ఎనర్జీ, అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో ఇళ్లకు కరెంటు, గ్యాస్ అమ్మే సంస్థకు మాతృసంస్థ. విశాఖ ప్రాజెక్టులో మొదట భాగస్వామిగా ఉన్న నేషనల్ పవర్, బ్రిటన్ తన ప్రభుత్వ విద్యుత్ బోర్డును 1990లో ముక్కలు చేసినప్పుడు పుట్టిన ఉత్పత్తి సంస్థ. కాకినాడలో కనిపించే రోల్స్ రాయిస్ ప్రధానంగా యంత్రాల తయారీదారు. కరెంటు అమ్మకమే వృత్తిగా ఉన్న విదేశీ సంస్థలనే లెక్కలోకి తీసుకుంటే, మిగిలేవి సీఎంఎస్, నేషనల్ పవర్ మాత్రమే.

వీటిలో విశాఖ కేంద్రం (1,040 మెగావాట్లు) కాగితాల మీద రెండు దశాబ్దాలు గడిపి 2016లో గాని పూర్తి కాలేదు. అప్పటికి నేషనల్ పవర్ అందులో లేదు. కాబట్టి పరీక్షకు నిలిచేది జేగురుపాడు ఒక్కటే.

2. జేగురుపాడును దేశంలో ‘మొదటి’ ప్రైవేటు విద్యుత్ కేంద్రమని చెప్పడం పరిపాటి. ఈ మాటను కొంత సవరించి తీసుకోవాలి. కలకత్తాలో 19వ శతాబ్దం చివరినుంచే ప్రైవేటు సరఫరా ఉంది. మద్రాసు నగరానికి 1947 వరకు కరెంటు ఇచ్చింది కూడా బ్రిటిష్ యాజమాన్యంలోని కంపెనీయే. చిత్తూరు అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో భాగం. అందువల్ల ‘1991 విధానం తరువాత మొదటి వాటిలో ఒకటి’ అనడమే సురక్షితం.

సామర్థ్యం విషయంలోనూ రెండు అంకెలు కనిపిస్తాయి. కొన్ని పత్రాలు 235 మెగావాట్లు అంటాయి. కొనుగోలు లెక్కలు 216 అంటాయి. గ్యాస్ టర్బైన్ సామర్థ్యం వాతావరణం వేడెక్కే కొద్దీ తగ్గుతుంది. ప్రామాణిక ఉష్ణోగ్రత వద్ద కొలిచినది ఒకటి, గోదావరి తీరపు వేడిలో ఒప్పందానికి తీసుకున్నది మరొకటి కావచ్చు. రూపాయలు చేతులు మారేది కొనుగోలు ఒప్పందం మీదనే కాబట్టి ఇక్కడ 216నే వాడడమైనది.

3. కంపెనీ ఎక్కడ నిలబడిందో చూద్దాం. 1991 విధానం ఉత్పత్తిని తెరిచింది, అందులో నూటికి నూరు శాతం విదేశీ వాటాకు కూడా దారి ఇచ్చింది. కానీ జేగురుపాడు కంపెనీకి కొనుగోలుదారు ఒక్కరే. మొదట రాష్ట్ర విద్యుత్ బోర్డు, 1999 ఫిబ్రవరి 1న బోర్డు రెండుగా చీలిన తరువాత ఏపీ ట్రాన్స్‌కో. 2000 ఏప్రిల్‌లో పంపిణీకి నాలుగు డిస్కంలు ఏర్పడ్డాయి. చిత్తూరు జిల్లా తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ డిస్కం (ఎస్‌పీడీసీఎల్) కిందికి వచ్చింది. ప్రపంచ బ్యాంకు 1999లో 21 కోట్ల డాలర్ల తొలి విడత రుణం ఇచ్చిన సంస్కరణ పథకంలో పంపిణీని ప్రైవేటుకు అప్పగించే ఆలోచన ఉన్నా, అది అమలు కాలేదు. విదేశీ సంస్థ పంపిణీనే చేపట్టిన ఉదాహరణ కావాలంటే పొరుగున ఒడిశాకు వెళ్లాలి. అక్కడ 1999లో అమెరికన్ సంస్థ ఏఈఎస్ ఒక పంపిణీ కంపెనీని తీసుకుని, రెండేళ్లకే తప్పుకుంది. మదనపల్లెలో గానీ పుంగనూరులో గానీ మీటరు చూసి బిల్లు రాసిన చేయి ఎన్నడూ విదేశీ కంపెనీది కాదు. ఈ ఒక్క విషయంలో మాత్రం సందేహానికి తావు కనిపించదు.

4. కుప్పం సంగతి వేరు. ఇక్కడ కొంచెం ఆగవలసి ఉంది.

సంస్కరణలు వచ్చిన కాలంలో కుప్పం పరిసరాల్లో ఇంటింటికీ కరెంటు అమ్మింది డిస్కం కాదు, రెస్కో, అంటే గ్రామీణ విద్యుత్ సహకార సంఘం. సంఘం టోకున కరెంటు కొని, తన సభ్యులకు చిల్లరగా అమ్మేది. ఉమ్మడి రాష్ట్రంలో ఇలాంటి సంఘాలు ఒక దశలో తొమ్మిది ఉండేవి. వాటిలో ఎక్కువ కాలం నిలిచినవి సిరిసిల్ల, అనకాపల్లి, చీపురుపల్లి, కుప్పం. 1998 విద్యుత్ సంస్కరణల చట్టాన్ని తెచ్చిన ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 1989 నుంచి కుప్పం శాసనసభ్యుడు. అంటే రాష్ట్రమంతటా బోర్డును విడదీసిన నాయకుడి సొంత నియోజకవర్గంలోనే ఆ విభజన నుంచి పుట్టిన కంపెనీ నేరుగా వినియోగదారుడి గడప తొక్కలేదు. దీనికి రాజకీయ అర్థాలు వెతకడం సులువే గానీ, సంఘం అంతకుముందే ఉందన్న వాస్తవం ముందు అవి పెద్దగా నిలబడవు.

మరింత ఆసక్తికరమైనది ఈ సంఘాల మూలం. 1969లో ఏర్పడిన గ్రామీణ విద్యుదీకరణ సంస్థ (ఆర్‌ఈసీ) ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన ఐదు సంఘాలలో మన సిరిసిల్ల, కర్ణాటకలోని హుక్కేరి ఉన్నాయి. ఆ ప్రయోగానికి సలహా ఇచ్చినది అమెరికా గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల జాతీయ సమాఖ్య. ఆర్‌ఈసీ తొలి నిధిలో అమెరికా గోధుమలు అమ్మగా వచ్చిన పీఎల్-480 రూపాయలు కూడా ఉన్నాయి. 1930లలో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం పల్లెలకు కరెంటు తీసుకుపోవడానికి ప్రోత్సహించిన నమూనాయే ఈ సహకార సంఘం. కుప్పం ఆ తొలి ఐదింటిలో లేదు, తరువాతి తరానిది. అయినా ఆ వంశవృక్షంలోనే దాని పేరు రాయవలసి ఉంటుంది. అమెరికన్ విద్యుత్ సంస్థల ప్రభావం కుప్పానికి చేరిందా అని అడిగితే, సరళీకరణకు చాలాముందే లాభాపేక్ష లేని ఒక సహకార రూపంలో చేరిందని చెప్పడానికి ఆధారం ఉంది. మిచిగన్ కంపెనీ రూపంలో చేరిందని చెప్పడానికి మరింత జాగ్రత్త కావాలి.

కుప్పం జ్ఞాపకాల్లో విదేశీ పేర్లు ఇంకా ఉన్నాయి. 1990ల చివర ఇజ్రాయెల్ సాంకేతికతతో నడిచిన బిందుసేద్యం క్షేత్రాలు ఒకటి. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ మొదలుపెట్టిన ఐ-కమ్యూనిటీ మరొకటి. అవేవీ కరెంటు కంపెనీలు కావు. ‘కుప్పానికి విదేశీ కంపెనీలు వచ్చాయి’ అన్న నిజమైన వాక్యం, ‘కుప్పానికి విదేశీ కరెంటు వచ్చింది’ అన్న నిరూపించని వాక్యంలోకి జారిపోయే వీలుంది కాబట్టే ఈ ప్రస్తావన.

5. ఇక తీగల సంగతి. కరెంటుకు చిరునామా ఉండదు. అది దగ్గరి భారం వైపు పారుతుంది. కడప జిల్లా ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రంలో 210 మెగావాట్ల తొలి రెండు యూనిట్లు 1994-95 నాటికే వచ్చాయి. భౌతికంగా చూస్తే మదనపల్లె దీపానికి జేగురుపాడు కంటే ముద్దనూరే చుట్టమని ఊహించవచ్చు. కాబట్టి వెతకవలసినది తీగల వెంట కాదు, ఖాతాల వెంట.

ఖాతాల్లో ఒక అంకె దొరుకుతుంది. 2005 జూన్ 9 నుంచి అమల్లోకి వచ్చిన ప్రభుత్వ బదిలీ పథకం విద్యుత్ కొనుగోలు ఒప్పందాలను ట్రాన్స్‌కో నుంచి నాలుగు డిస్కంలకు పంచింది. రాష్ట్ర విభజనకు ముందు అమల్లో ఉన్న వాటాలు: మధ్య డిస్కంకు 46.06, తూర్పుకు 15.80, ఉత్తరానికి 15.87, దక్షిణానికి 22.27 శాతం. 216 మెగావాట్లలో 22.27 శాతమంటే సుమారు 48 మెగావాట్లు. ఆరు జిల్లాల డిస్కంకు వచ్చిన వాటా ఇది. మదనపల్లె, పుంగనూరు అందులో భాగం. కుప్పం అందులో టోకు ఖాతాదారు.

లెక్క ముచ్చటగానే ఉంది. చిక్కు తేదీల్లో ఉంది. సీఎంఎస్ తన భారతీయ వాటాలను వదిలించుకుని వెళ్లింది కూడా 2000 దశకం మధ్యలోనే. అంటే చిత్తూరు వాటాను అంకెతో చెప్పగలిగే కాలం మొదలయ్యే వేళకు విదేశీ భాగస్వామి సామాను సర్దుకుంటున్నాడు. అతను కేంద్రంలో ఉన్న 1997-2005 మధ్య కాలంలో మొదట పంపిణీ కూడా బోర్డు చేతిలోనే ఉండేది; డిస్కంలు ఏర్పడ్డాక ట్రాన్స్‌కో అన్ని కేంద్రాల కరెంటునూ ఒకే రాశిగా పోసి, నియంత్రణ మండలి నిర్ణయించిన టోకు ధరకు డిస్కంలకు ఇచ్చింది. ఆ ధరను డిస్కం వినియోగదారుల తీరును బట్టి కూడా సర్దేవారు. ఆ రాశిలోంచి జేగురుపాడు గింజలను ఏరి పుంగనూరు కుంచంలో కొలవడం సాధ్యం కాదు. 48 మెగావాట్ల అంకెను వెనక్కి లాగి 1997కు అంటించడం ఆకర్షణీయమే. అది ఆధారం మాత్రం కాదు.

6. కంపెనీ కరెంటు ప్రతి ఊరికీ విడిగా చేరకపోయినా, దాని షరతులు అందరికీ కలిపి చేరి ఉండవచ్చు. 1992 మార్చి 30 నాటి కేంద్ర ప్రకటన ప్రకారం థర్మల్ కేంద్రం 68.5 శాతం స్థాయిలో, అంటే ఏడాదికి సుమారు 6,000 గంటలు నడిస్తే చాలు, వాటా మూలధనం మీద 16 శాతం ప్రతిఫలానికి అర్హత వస్తుంది. అంతకు మించి నడిచిన ప్రతి ఒక్క శాతానికీ 0.7 శాతం వరకు అదనపు ప్రతిఫలం. ధర రెండు భాగాలు: కరెంటు కొన్నా కొనకపోయినా కట్టవలసిన స్థిర చార్జీ, వాడిన ఇంధనానికి చర చార్జీ. విదేశీ మారకంతో ముడిపడిన చెల్లింపుల్లో రూపాయి పతనం నష్టం కొనుగోలుదారు మీదే పడేలా నిబంధనలు ఉండేవి.

ఈ చివరి నిబంధన బరువు తెలియడానికి ఒక ఉదాహరణ. 1997 మధ్యలో డాలరు 36 రూపాయల దరిదాపుల్లో ఉంది. 2000 చివరికి 46 దాటింది. డాలర్లలో స్థిరంగా ఉన్న బాధ్యత ఏదైనా, యంత్రం ఒక్క యూనిట్టు ఎక్కువ ఉత్పత్తి చేయకుండానే, రూపాయల్లో నాలుగో వంతుకు పైగా పెరిగిందన్నమాట. 2000లో చార్జీల పెంపుకు ఇదే కారణమని దీన్నిబట్టి అనరాదు. ప్రైవేటు కేంద్రాల వాటా మొత్తం కొనుగోలులో కొంతే. నష్టాలు, పంపుసెట్ల రాయితీ, ప్రపంచ బ్యాంకు రుణ షరతులు కూడా పక్కనే ఉన్నాయి. ఆ ఏడాది ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కాల్పులకు దారితీసిన ఆందోళనలో ఈ కారణాలన్నీ ఒకే నినాదంలో కలిసిపోయాయి. నినాదానికి ఆ స్వేచ్ఛ ఉంది, పరిశోధనకు లేదు.

7. ఈ ప్రాంతంలో ఆధారాల గొలుసు తెగేచోటు మరొకటి ఉంది. అది పొలం. మదనపల్లె చుట్టూ టమాటా గానీ, పుంగనూరు వైపు వేరుశనగ గానీ, నీరు ఎక్కువగా బోరునుంచే రావాలి. 2004 మే 14న ఉచిత విద్యుత్ సంతకం పడేవరకు పంపుసెట్ చార్జీ మోటారు హార్స్‌పవర్ లెక్కన ఏడాదికింతని ఉండేది. కరువు ప్రాంతాలకు కొంత తక్కువ రేటు. మీటరు లేదు. రైతులు ఎన్ని యూనిట్లు వాడారన్నది నమూనాగా ఎంచిన ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర కొలిచి వేసిన అంచనా మాత్రమే. టోకు కరెంటును ఒక్కో సహకార సంఘానికి ఒక్కో ధరకు ఇవ్వడానికి కారణం కూడా చాలావరకు ఇదేనని భావించవచ్చు. పంపుసెట్లు ఎక్కువైన సంఘం టోకున కొన్న ధరకు సరిపడా చిల్లరగా వసూలు చేసుకోలేదు. కుప్పం అలాంటి మెట్ట ప్రాంతమే. స్థిర చార్జీ పైనుంచి కచ్చితంగా దిగివచ్చినా, అది ఏ బోరు మీద ఎంత పడిందో చెప్పే కాగితం కింద పుట్టనే లేదు. రైతు తరఫున ఆ భారాన్ని సబ్సిడీ రూపంలో ప్రభుత్వ ఖజానా మోసింది, లేదా పట్టణ వినియోగదారుడు మోశాడు. మదనపల్లె దుకాణదారుడి బిల్లులో ఆ ఛాయ ఉండే అవకాశం పక్కపల్లె రైతు బిల్లులో కంటే ఎక్కువ.

8. తరువాతి ఘట్టానికి పత్రాలు స్పష్టంగానే ఉన్నాయి. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయినప్పుడు అనంతపురం, కర్నూలు జిల్లాలు దక్షిణ డిస్కంలోకి వచ్చాయి. ఆనాటినుంచి 22.27 శాతం అన్న అంకె చెల్లదు. ఆ రెండు జిల్లాలను అంతవరకు చూసిన ఏపీసీపీడీసీఎల్ హైదరాబాద్ సంస్థ. తరువాత అదే పేరుతో విజయవాడ కేంద్రంగా మరో డిస్కం పుట్టింది. పేరు చూసి పాత నివేదికలు చదివేవారు ఇక్కడ పొరపడే ప్రమాదం ఉంది. జేగురుపాడు తొలిదశ కొనుగోలు ఒప్పందం 18 ఏళ్లకు, 2015 జూన్‌లో ముగిసింది. 2016లో ఆంధ్రప్రదేశ్ డిస్కంలు ఆ కేంద్రాన్నే కొన్నాయి, నిర్వహణ రాష్ట్ర ఉత్పత్తి సంస్థ జెన్‌కో చేతికి వెళ్లింది. కొన్నవారిలో మదనపల్లెకు బిల్లులు రాసే తిరుపతి డిస్కం కూడా ఉంది. మిచిగన్ కంపెనీ మదనపల్లెకు వచ్చినట్టు ఆధారం దొరకలేదు గానీ, ఆ కంపెనీ ఒకప్పుడు భాగస్వామిగా ఉన్న కేంద్రానికి మదనపల్లె డిస్కం యజమానిగా వెళ్లినట్టు మాత్రం దస్తావేజు ఉంది.