మూతబడిన బ్యాంకు, ఆఖరి లెక్కలు

మా ఇంటి ట్రంకు పెట్టెలో ముత్తాతగారి కాలంనాటి దస్తావేజు ఒకటి ఉంది. అది ఫ్రెంచి కాగితం. సంతకం ఉండవలసిన చోట ఒక ఇంటూ గుర్తు ఉన్నది. పెద్ద చెరకు తోటను ముక్కలు చేసి అమ్మినప్పుడు కొన్న భూమి అది. మన మారిషస్‌లో దానిని మోర్సెల్మాన్ అంటాము. తోటల యజమానులకు అంత ఇబ్బంది ఎలా వచ్చిందని వెతుకుతూ మేము ఒక బ్యాంకు కథ దగ్గరకు చేరాము.

ఓరియంటల్ బ్యాంక్ కార్పొరేషన్ 1842లో వేరే పేరుతో బొంబాయిలో పుట్టింది. 1845లో లండనుకు మారింది, 1851లో రాణిగారి చార్టరు పొందింది. సిలోను కాఫీ తోటలకు, మన చెరకు తోటలకు విరివిగా అప్పులిచ్చింది. 1869లో సిలోను కాఫీకి ఆకు తెగులు పట్టింది. ఐరోపా బీటుదుంప చక్కెర పోటీతో 1884లో మన చక్కెర ధర కూడా పడిపోయింది. ఆ యేడు మే 3న బ్యాంకు చెల్లింపులు ఆపివేసింది.

అప్పుడు వచ్చేవాడే లిక్విడేటరు. ఇంటి పెద్ద పోతే అప్పులవాళ్ళు, అయినవాళ్ళు ఒకేసారి గుమ్మంలో నిలబడతారు కదా! వారందరి నడుమ నిలిచి పద్దు తీర్చే మనిషి ఇతడు. 1862 నాటి ఇంగ్లీషు కంపెనీ చట్టం ప్రకారం ఇతడు ఆస్తినంతా స్వాధీనం చేసుకోవాలి, రావలసిన బాకీలు వసూలు చేయాలి. వాటాదారులు ఇంకా చెల్లించవలసినది ఉంటే అడిగి తేవాలి. “నాకు ఇంత రావాలి” అని వచ్చినవాడిని రుజువు చూపమనాలి. ఆపైన చట్టం చెప్పిన వరుసలో పంచాలి. కంపెనీని మళ్ళీ బ్రతికించడం ఇతని పని కాదు.

గొడవంతా ఆ వరుస దగ్గరే వచ్చింది. బ్యాంకులో సర్కారు డబ్బు కూడా ఉంది. రాణిగారి బాకీ అందరికంటే ముందు తీరాలని ప్రభుత్వం లండను కోర్టులో వాదించింది. కంపెనీ చట్టం రాణిని కట్టివేయదని 1884లోనే కోర్టు ఒప్పుకున్నది. నలుగురితో పాటు నిలబడవలసిన సర్కారే ముందుకు తోసుకుపోయిందని మాకు అనిపిస్తుంది.

కాని సిలోనులో మరొకటి జరిగింది. ఆ బ్యాంకు నోట్లు జనం చేతుల్లో ఉన్నాయి. అవి చెల్లుతాయని గవర్నరు ఆర్థర్ గోర్డన్ ప్రభుత్వం తరఫున హామీ ఇచ్చాడు. ఈ గోర్డన్ మనకు తెలిసినవాడే. 1871లో 9,401 మంది పాత వలసదారుల అర్జీ అందినది ఇక్కడ అతనికే. ఫిజీకి 1879లో మనవాళ్ళను రప్పించిన గవర్నరు కూడా అతడే. మంచివాడందామా, కాదందామా? మేము తేల్చుకోలేక పోయాము.

మరి ఈ పద్దులో మన పెద్దలు ఎక్కడ? కూలివారి రెండు నెలల జీతం ముందు వరుసలో తీర్చాలని ఇంగ్లండులో 1883 చట్టం చెప్పింది. అది మూతబడిన కంపెనీ నౌకర్లకే. మన పెద్దలు తోటదొర కూలీలు, బ్యాంకు నౌకర్లు కారు. బ్యాంకు పుస్తకంలో తోట అంటే ఒక తాకట్టు, ఒక అంకె. ఆ తోటలో చెరకు కొట్టిన కొరంగి మనిషికి అందులో పేరు లేదు.

అదే 1884లో న్యూ ఓరియంటల్ బ్యాంక్ అని మరొకటి లేచింది. అదీ 1892లో మూతబడింది.

తోటదొరలు అప్పులు తీర్చుకొనేందుకు అంచుల భూములు ముక్కలుగా అమ్మిన కాలమది. మనవాళ్ళు పైసా పైసా కూడబెట్టి కొన్నారు. మొన్న సెలవుల్లో తెలుగు తరగతి పిల్లలకు మా దస్తావేజు చూపించాము. ఇంటూ గుర్తు పక్కన పేరు ఎవరు వ్రాశారని ఒక పిల్ల అడిగింది. నోటరీ గుమాస్తా వ్రాశాడమ్మా, అప్పలస్వామి అన్న పేరులో రెండు అక్షరాలు ఎగిరిపోయాయి, ఆ తప్పు పేరే ఈనాటికీ మా ఇంటిపేరు అని చెప్పాము.