వేడి, ఉష్ణం, వెప్పం: కనకమ్మ సత్రం దారిలో ఒక శాస్త్రపదం కథ

చెన్నై నుండి తిరుపతి వెళ్ళే రహదారిలో తిరువళ్ళూరు దాటాక, తిరుత్తణి చేరేలోగా కనకమ్మ సత్రం వస్తుంది. కాలినడకన కొండకు పోయే యాత్రికులకు ఇటువంటి దారుల్లో సత్రాలూ, చలివేంద్రాలూ ఆశ్రయంగా ఉండేవి. చలివేంద్రంలోని మట్టికుండతోనే ఈ వ్యాసం మొదలుపెడుతున్నాను. ఉష్ణశాస్త్రంలో పిల్లలకు బాగా కష్టమనిపించే భావం ఒకటి ఆ కుండలోనే ఉంది. దానికి పేరు పెట్టడంలో తెలుగువారూ తమిళులూ వేర్వేరు దారులు పట్టారు.

కుండగోడల సన్నని రంధ్రాల గుండా నీరు చెమర్చి ఆవిరవుతుంది. ఆవిరి కావడానికి కావలసిన వేడిని అది లోపల మిగిలిన నీటినుండే లాక్కుంటుంది. కుండలో నీరు చల్లబడేది అందువల్లనే. సముద్రపు తేమగాలిలో కంటె పొడిగాలి వీచేచోట ఈ పని చురుకుగా సాగుతుంది. పొయ్యిమీద మరిగే నీటి సంగతీ ఇటువంటిదే. ఒక గ్రాము నీరు మరిగి ఆవిరి కావడానికి సుమారు 540 కేలరీల వేడిని పుచ్చుకొంటుంది. అయినా ఉష్ణోగ్రత 100 సెల్సియస్ డిగ్రీల దగ్గరే ఆగి ఉంటుంది. మరి ఇచ్చిన వేడి ఏమైనట్లు? 1760 ప్రాంతంలో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ వేసుకొన్న ప్రశ్న ఇది. వేడి వేరు, ఉష్ణోగ్రత వేరు అని ఆయన తేల్చాడు. కనిపించకుండా పోయిన వేడికి ‘దాగినది’ అనే అర్థమిచ్చే పేరు పెట్టాడు. దానినే తెలుగు పుస్తకాలు గుప్తోష్ణం అన్నాయి. తమిళ పుస్తకాలు ‘ఉళ్ళుఱై వెప్పం’ అన్నాయి, అంటే లోపల కాపురమున్న వేడి!

ఆ కాలంలో వేడినే ఒక పదార్థంగా భావించిన వారు చాలామంది. లవోయిజియే 1789లో అచ్చువేసిన మూలకాల పట్టికలో వేడికి కూడా చోటిచ్చాడు. 1798లో రమ్‌ఫర్డ్ ప్రభువు మ్యూనిక్‌లో ఫిరంగులు తొలిపించినప్పటి పరిశీలనలను ప్రకటించాడు. రాపిడి సాగినంతసేపూ వేడి పుడుతూనే ఉంది. తరగని వస్తువు పదార్థం ఎట్లా అవుతుంది? 1840లలో జౌల్ లెక్కలు తేల్చడంతో వేడి శక్తిరూపమని స్థిరపడింది. అయినా మాటల చిక్కు తీరలేదు. 1847లో హెల్మ్‌హోల్ట్స్ శక్తి నిత్యత్వం గురించి రాసినప్పుడు, జర్మన్ భాషలో ‘బలం’ అనే అర్థమున్న మాటనే వాడాడు. బలం, శక్తి, సత్తువ మన వాడుకలో కలగలిసి ఉన్నాయి గనుక తెలుగు శాస్త్రానికి పనికిరాదనే వారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక మన సంగతి. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞానచంద్రికా గ్రంథమాల తరువాత మద్రాసుకు మారింది. చరిత్ర గ్రంథాలతోపాటు శాస్త్ర గ్రంథాలనూ తెలుగులో వెలువరించింది. తెలుగు శాస్త్ర పరిభాష ఎక్కువగా సంస్కృతం మీద ఆధారపడింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కాలంలోనూ ఆ ధోరణి కొనసాగింది. తమిళంలో ఈ విషయమై గట్టి వాదమే జరిగింది. 1940లో మద్రాసు ప్రభుత్వం వి.ఎస్. శ్రీనివాసశాస్త్రి అధ్యక్షతన నియమించిన పరిభాషా సంఘం సంస్కృతంవైపు మొగ్గగా, తమిళ పండితులు ఎదురు తిరిగారు. చివరకు బడి పుస్తకాల్లో నిలిచినవి వెప్పం, వెప్పనిలై, ఆట్రల్ వంటి మాటలే.

ఇందులో ఒక చమత్కారం ఉంది. తమిళ ‘వెప్పం’, తెలుగు ‘వేడి’, ‘వెచ్చన’ ఒకే ద్రావిడ ధాతువు నుండి పుట్టినవి. అంటే తమిళ పాఠంలోని మాట మన వంటింటి మాటకు చుట్టం. తెలుగు పాఠంలోని ‘ఉష్ణం’ కాదు.

తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రానికి మారింది. 2006 నాటి చట్టం ప్రకారం తమిళనాడు బడుల్లో తమిళం ఒకటవ తరగతి నుండి ఏటేటా తప్పనిసరి పాఠ్యాంశమవుతూ వచ్చింది. ఆ చట్టం భాషా పాఠానికి సంబంధించినదే, బోధనా మాధ్యమానికి కాదు. కాని తెలుగు పాఠానికి చోటు తగ్గితే తెలుగు మాటలకూ తగ్గుతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళంలో సైన్సు చదివిన పిల్లవాడు తిరుపతిలో పైచదువుకు తెలుగు పుస్తకం తెరిస్తే, తెలిసిన ‘వెప్పనిలై’యే ‘ఉష్ణోగ్రత’ అని మళ్ళీ నేర్చుకోవాలి. ఆట్రల్ అంటే శక్తి, విసై అంటే బలం, తిఱన్ అంటే సామర్థ్యం. ఈ జతల్లో ఏ ఒక్కటి తారుమారైనా లెక్క తప్పుతుంది.

గుప్తోష్ణాన్ని తీసివేయమని నేననను. తరాలు వాడిన మాట అది. కాని ఈ ప్రాంతపు తెలుగు ఉపాధ్యాయులు మొదట ‘దాగిన వేడి’ అని కుండను చూపి, ఆ తరువాత గుప్తోష్ణం, ఉళ్ళుఱై వెప్పం రెండింటినీ నల్లబల్ల మీద పక్కపక్కన రాస్తే, అందుకు పట్టే కాలం ఐదు నిమిషాలు.