సంకల్పం మెదడుదా, సమాజానిదా?

రష్యన్ రచయిత గొంచరోవ్ నవల ‘అబ్లొమోవ్’ 1859లో వెలువడింది. మంచం దిగడానికే పేజీలకు పేజీలు పట్టే భూస్వామి అందులో నాయకుడు. ఆ నిష్క్రియత్వానికి మూలం వ్యక్తి స్వభావంలో కాదు, అతణ్ణి పోషించిన అర్ధబానిస వ్యవస్థలో ఉందని అదే ఏడాది విమర్శకుడు దొబ్రొల్యూబోవ్ నిరూపించాడు. సాహిత్యాన్ని సమాజంతో ముడిపెట్టి చదవడం నేర్పిన వ్యాసాల్లో అదొకటి. అయితే ఆ సూత్రాన్ని యాంత్రికంగా పట్టుకొని, కథలో కదలని ప్రతి మనిషినీ సోమరిగానో పలాయనవాదిగానో తీర్మానించే ధోరణి మన విమర్శలో లేకపోలేదు. శ్రమ మీద బతికే మనిషే ఒకనాడు లేవలేకపోతే ఆ సూత్రం ఏం చెబుతుంది? దీనికి జవాబు వైద్యశాస్త్ర చరిత్రలో వెతకాలి.

ఫ్రెంచి మనస్తత్వవేత్త రిబో 1883లో సంకల్ప వ్యాధుల మీద ఒక గ్రంథం రాశాడు. కండరాల్లో లోపం లేదు, తెలివి చెడలేదు, చేయవలసిందేమిటో తెలుసు. అయినా పని మొదలుపెట్టలేని రోగుల్ని అందులో వర్ణించాడు. నీతిశాస్త్రం చర్చించే సంకల్పం ఆ విధంగా వైద్యుల చర్చలోనూ భాగమైంది. కాని దాని భౌతికాధారం ఏమిటో అప్పటికి తెలియదు.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో యూరప్‌లో ఒక వింత నిద్రజబ్బు వ్యాపించింది. 1917లో వియన్నా వైద్యుడు ఫాన్ ఎకనామో దాన్ని వర్ణించి ‘ఎన్‌సెఫలైటిస్ లెథార్జికా’ అని పేరు పెట్టాడు. బతికి బయటపడ్డవారిలో చాలామంది తర్వాత తర్వాత బిగుసుకుపోయి, ఏళ్ల తరబడి కూర్చున్నచోటే ఉండిపోయారు. చనిపోయినవారి మెదళ్లను పరీక్షిస్తే నడిమెదడులో దెబ్బ కనిపించింది. అంటే కదలికకు తొలి ప్రేరణనిచ్చే యంత్రాంగానికి శరీరంలో ఒక చోటు ఉందన్నమాట.

తర్వాతి అధ్యాయంలో మన దేశపు మొక్కలు రెండు ప్రవేశిస్తాయి. ఒకటి సర్పగంధి. పిచ్చికి, రక్తపు పోటుకు దాని వేరు పనిచేస్తుందని 1931లో కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ప్రకటించారు. 1952లో స్విట్జర్లండ్ శాస్త్రజ్ఞులు ఆ వేరు నుంచి రెసర్పిన్‌ను వేరుచేశారు. రెండోది మన పొలం గట్ల మీద పాకే దూలగొండి. దాని గింజల్లో ఎల్-డోపా ఉందని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి నిర్ధారించారు. అది ఎందుకు పనికొస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు.

ఈ రెండు దారులూ 1957లో స్వీడన్‌లో కలిశాయి. కార్ల్‌సన్ అనే శాస్త్రజ్ఞుడు కుందేళ్లకు రెసర్పిన్ ఇస్తే అవి చతికిలబడిపోయాయి. ఎల్-డోపా ఇవ్వగానే లేచి తిరిగాయి. మెదడులో డోపమిన్ పాత్ర అలా బయటపడింది. 1960లో హోర్నికీవిచ్, పార్కిన్సన్ రోగుల మెదళ్లలో ఆ పదార్థమే కొరవడిందని చూపాడు. 1969లో న్యూయార్క్‌లోని ఒక ఆసుపత్రిలో ఆలివర్ శాక్స్ ఎల్-డోపా ఇచ్చినప్పుడు దశాబ్దాలుగా స్తంభించిపోయిన నిద్రజబ్బు రోగులు లేచి నడిచారు, మాట్లాడారు. ఆ అనుభవాన్ని 1973లో ఆయన పుస్తకంగా రాశాడు. కాని ఆ మేల్కొలుపు చాలామందికి నిలవలేదు. మితిమీరిన ఉద్రేకం, అదుపులేని కదలికలు వచ్చిపడ్డాయి. పదార్థం లేనిదే సంకల్పం లేదు; పదార్థం ఒక్కటే సంకల్పమూ కాదు.

మరి సమాజం మాటేమిటి? 1967లో సెలిగ్మన్, మేయర్ కుక్కల మీద ప్రయోగాలు చేశారు. ఏం చేసినా తప్పించుకోలేని విద్యుత్ ఘాతాలు తిన్న కుక్కల్లో చాలా భాగం, తర్వాత దారి తెరిచినా కదలలేదు. అవి నిస్సహాయతను ‘నేర్చుకున్నాయి’ అని అప్పట్లో వారు వివరించారు. అర్ధశతాబ్దం పాటు మెదడు పరిశోధన సాగిన తర్వాత, 2016లో అదే ఇద్దరూ తమ వివరణను తిరగరాశారు: ఎడతెగని బాధ ముందు చతికిలబడటం మెదడుకు సహజంగానే ఉన్న ప్రతిస్పందన. జీవి నేర్చుకునేది నిస్సహాయతను కాదు, తన చేతకు ఫలితం ఉంటుందన్న సంగతిని. అది నేర్చుకున్నప్పుడు ముందు మెదడు ఆ కుంగుబాటును అణచిపెడుతుంది.

ఈ మార్పు మనకు చాలా ముఖ్యం. తన చేతకు ఫలితం ఉంటుందన్న అనుభవాన్ని మనిషికి ఇచ్చేది ఏది? పండించిన పంటకు ధర, అడిగిన ప్రశ్నకు జవాబు, పెట్టుకున్న అర్జీకి పరిష్కారం. అవి ఏళ్ల తరబడి దక్కనిచోట సంకల్పం ఎక్కడ పెరుగుతుంది? దొబ్రొల్యూబోవ్ సమాజంలో వెతికిన కారణమూ, కార్ల్‌సన్ మెదడులో వెతికిన కారణమూ పరస్పరం కొట్టేసుకునేవి కావు. అయితే ఒకటి తెలిసినంత మాత్రాన రెండోది తెలిసినట్టూ కాదు. కుంగుబాటుతో మంచం పట్టిన మనిషికి ఉద్యమ గీతం మందు కాదు. ఆకలితో కుంగిన మనిషికి మందుబిళ్ల న్యాయం కాదు.

కనుక కదలని పాత్రను సృష్టించే రచయిత ముందుగా తేల్చుకోవలసింది ఒకటుంది. అతనికి కదలవలసిన అవసరం లేదా, కదిలినా ఫలితం లేదా, కదిలే శక్తే లేదా? మొదటివాడు అబ్లొమోవ్. మిగిలిన ఇద్దరినీ అతని పక్కన నిలబెట్టి ఒకే తీర్పు చెప్పే విమర్శ శాస్త్రీయమూ కాదు, అభ్యుదయకరమూ కాదు.